ఫెజెంట్ వేటకు ఏ తూటా? గుంటూరు నుంచి మేనల్లుడికి చెప్పిన లెక్క

"మావయ్యా, షాపులో ఉన్నాను. గోడ పొడుగునా తూటాల పెట్టెలే. ఏది తీసుకోను?"

ముందటేడు అక్టోబరులో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. అరండల్‌పేటలో మేం పక్కలు వేసుకునే వేళకి వాడికి సౌత్ డకోటాలో మిట్టమధ్యాహ్నం. ఫోన్ తిప్పి అరలన్నీ చూపించాడు. వాడు వెళ్లబోయేది ఫెజెంట్ వేటకు, అంటే కోడి జాతికి చెందిన పొడుగు తోక పిట్ట కోసం. ప్రతి పెట్టె మీదా ఎగురుతున్న ఫెజెంట్ పుంజు బొమ్మ, దాని పక్కన అంకెలు: 12, 2¾, 1¼, 6, 1330. మిర్చి యార్డులో మొదటిసారి అడుగుపెట్టినవాడి చెవిన 334, 341, తేజ, బాడిగ అని పడితే ఎలా తెల్లమొహం వేస్తాడో వాడూ అలాగే ఉన్నాడు. యార్డులో రకం తెలియనివాడు రంగు చూసి బేరమాడతాడు. తూటాల షాపులో తెలియనివాడు బొమ్మ చూసి కొంటాడు.

"అన్నిటికంటే పవర్ ఎక్కువున్నది ఇదేనంట. తీసేసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. దాని బదులు నేను చెప్పిందీ తప్పేనని తర్వాత తేలింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నా అర్హత ఎంతో ముందే చెప్పేస్తాను. నాన్నగారి నుంచి వచ్చిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఒకటుంది. లైసెన్సు ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునే పని కూడా ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్లి రేంజిలో ట్రాప్ కొడతాను, అంటే గాల్లోకి విసిరే క్లే బిళ్లల్ని. ప్రాణమున్న పిట్టను మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. నిరుడు అమెరికా వెళ్లినప్పుడు మావాడి బృందంతో పాటు ఉత్త చేతులతో గడ్డిలో మూడు రోజులు నడిచాను. చూసింది, లెక్కపెట్టింది ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ ఉండి చదువుతున్నవాళ్లకు ఒక మాట. ఇది మన పొలాల కోసం రాస్తున్నది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణతో మన దగ్గర వేట అయిపోయింది. కౌజు, పూరేడు, అడవికోడి, దేన్ని కొట్టినా కేసే. 2022 సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. నాన్నగారు పల్నాడు వైపు కౌజుల వేటకు వెళ్లిన కబుర్లు చెప్పేవారు, కానీ అవన్నీ ఆ చట్టానికి ముందువి. మన హోటళ్లలో దొరికే కౌజుపిట్టల వేపుడు ఫారాల్లో పెంచే జపాన్ జాతి పిట్టలతో చేసేది, దానికీ తుపాకీకీ సంబంధం లేదు. గుంటూరు, బెజవాడల్లో ఏ వీధికి వెళ్లినా ఓ ఇంటి పిల్లాడు అమెరికాలో ఉంటున్నాడు. అక్కడ ఆఫీసువాళ్లు "వీకెండ్ వేటకొస్తావా" అని పిలిస్తే సరదాగా తల ఊపుతున్నాడు. ఈ రాత ఆ పిల్లాడి కోసం.

తూటా ముట్టుకునే ముందు

ఆ రాత్రి నేను అడిగిన మొదటి ప్రశ్న తుపాకీ గురించి కాదు. "హంటింగ్ లైసెన్సు తీసుకున్నావా?"

"లేదు మావయ్యా, శనివారం పొద్దున తీసుకుంటా."

"అయితే చేతిలో పెట్టె కింద పెట్టు."

వాడు నవ్వాడు, నేను నవ్వలేదు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటా గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తుపాకీ స్నేహితుడిదైనా, తూటా ఒక్కటే అయినా సరే. దీనికున్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటి: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. కాబట్టి లైసెన్సు ముందు, తూటా తర్వాత. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవాడికి ఇలాంటి కేసు పడితే జరిమానాతో పోదు, వీసాకే ఎసరు వస్తుంది. మావాడు షాపులోంచి బయటికొచ్చి, కార్లో కూర్చుని ఫోన్‌లోనే లైసెన్సు తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు.

బ్యారెల్ మీద ఏం రాసి ఉంది?

తర్వాత చూడాల్సింది పిట్టను కాదు, బ్యారెల్ పక్కన చెక్కి ఉన్న అక్షరాలను. మావాడికి ఆఫీసు స్నేహితుడు ఇస్తానన్నది 12 గేజి పంప్ తుపాకీ. మనం బోరు అనేదాన్నే వాళ్లు గేజి అంటారు. బ్యారెల్ రంధ్రంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు చేస్తే ఒక పౌను తూగితే అది 12. ఇరవై చేయాల్సొస్తే 20. అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది.

12 మేలా, 20 మేలా అని కొత్తవాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. ఫెజెంట్‌కు రెండూ చాలు. తూటా నిండా చిన్న చిన్న గుళ్లుంటాయి. 12లో అవి ఎక్కువ పడతాయి కాబట్టి చెయ్యి ఇంకా కుదరనివాడికి అది నయం. 20 సాధారణంగా తేలిక, రోజంతా మోకాలెత్తు గడ్డిలో నడిచేవాడి భుజానికి సాయంత్రానికి ఆ తేడా తెలుస్తుంది. నేనైతే కొత్తవాడికి 12 ఇచ్చి, అందులో మధ్యరకం తూటా వేయిస్తాను.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ రెండూ ఒకే బృందంలో ఉన్నప్పుడు. 20 తూటా ఎప్పుడూ పసుపు రంగు ప్లాస్టిక్‌తోనే వస్తుంది. అది కంపెనీల సరదా కాదు. పొరపాటున 20 తూటాను 12 తుపాకీలో వేస్తే అది చాంబరు, అంటే తూటా కూర్చునే చోటు, దాటి ముందుకు జారి, బ్యారెల్ సన్నబడే చోట ఇరుక్కుపోతుంది. వెనక నుంచి చూసేవాడికి చాంబరు ఖాళీగానే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కాడు, పేలలేదు, మర్చిపోయానేమో అనుకుని ఈసారి 12 తూటా వేస్తాడు. అది పేలగానే ముందున్నది అడ్డం తగిలి బ్యారెల్ చీలుతుంది. చీలేది సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట. అందుకే ఒక జేబులో ఒకే గేజి ఉండాలి. ఒకే కారులో రెండు గేజిలుంటే రెండు వేర్వేరు సంచులు పెట్టుకోవాలి.

ఇక పొడవు. పెట్టె మీది 2¾ అంగుళాలు అంటే మన లెక్కలో 70 మిల్లీమీటర్లు. 3 అంగుళాల తూటాలూ ఉన్నాయి. బ్యారెల్ మీద ఎంత రాసి ఉంటే అంతవరకే వేయాలి. చిన్నది వేయొచ్చు, పెద్దది కూడదు. "లోపలికి పట్టింది కదా" అన్నది ఇక్కడ చెల్లదు. ఎందుకో మా ఇంట్లోనే తెలిసింది. నాన్నగారి తుపాకీ పాతది, చాంబరు 65 మిల్లీమీటర్లది. పుణె దగ్గర ఖడ్కీ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేసే శక్తిమాన్ తూటాలు 65లోనూ 70లోనూ వస్తాయి. ఒకసారి ఓ షాపులో 65 అడిగితే 70 చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి వేసి చూస్తే వెన్నలా లోపలికి పోయింది. అనుమానమొచ్చి పెట్టె చూస్తే 70. తూటా మీద రాసే పొడవు పేలాక మూతి విచ్చుకున్నప్పటి పొడవు. మడత పెట్టి ఉన్నంతసేపూ పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక ముందుకు పొడుచుకొస్తే, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ పెట్టె వాపసు ఇచ్చేశాను. అమెరికాలో తాతల నాటి తుపాకీ ఎవరైనా చేతికిస్తే ముందు ఇదే చూడండి.

సీసమా, స్టీలా? అది నేల చెబుతుంది

చాలామంది పిట్టను బట్టి తూటా కొంటారు. నన్నడిగితే ఏ నేల మీద నిలబడి కొడతారన్నది ముందు తేల్చుకోవాలి. సొంత పొలమైతే, ఆ రాష్ట్రంలో అభ్యంతరం లేకపోతే, సీసం వాడొచ్చు. ప్రభుత్వ భూమి అయితే చాలాచోట్ల కుదరదు. సౌత్ డకోటాలో పబ్లిక్ వేట భూముల్లో చాలావాటిలో విషం కాని గుళ్లే వాడాలి. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై 1 నుంచి ఎక్కడ వేటాడినా సీసం నిషేధమే.

ఇదంతా బాతులతో మొదలైంది. బాతు కందనకాయలో గింజల్ని నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్లు ఏరుకుని మింగుతుంది. చెరువు అడుగున పడి ఉన్న సీసపు గుళ్లనూ అలాగే మింగేస్తుంది. కందనకాయ వాటిని నూరి నూరి నెత్తురులో కలుపుతుంది. తుపాకీ తగలకుండానే పిట్ట చస్తుంది. దాంతో 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం ఆపేశారు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కోలా మెట్ట పిట్టల వేటకూ దాన్ని పాకించింది.

స్టీలు చవక, ఎక్కడైనా చెల్లుతుంది. చిక్కు దాని బరువుతో. ఒక ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగితే స్టీలు 7.8 గ్రాములే. అదే సైజు గుండు స్టీలుదైతే తొందరగా వేగం పోగొట్టుకుంటుంది. రేగిపండు విసిరితే గోళీకాయంత దూరం పోతుందా? అందుకే స్టీలు కొనేటప్పుడు సీసం కంటే రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. సీసంలో 6 నంబరు చేసే పని స్టీలులో 4 చేస్తుంది, 5 చేసే పని 3 చేస్తుంది. దూరం 35 గజాలు దాటాక స్టీలును నేను నమ్మను. ఇంకోటి, స్టీలు గట్టిది. పాత తుపాకీల మెత్తటి బ్యారెల్‌కు, ముఖ్యంగా మూతి బాగా బిగించి ఉన్నవాటికి అది పనికిరాదు.

బిస్మత్ అనే లోహం మధ్యేమార్గం. 9.6 గ్రాములు. సీసం కంటే ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుంది, మెత్తన కాబట్టి బ్యారెల్‌నూ గీకదు. ధర మాత్రం సీసానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. టంగ్‌స్టన్‌తో చేసే టీఎస్ఎస్ అనేదొకటుంది, 18 గ్రాములు. సన్నటి 9 నంబరు గుళ్లతోనే పెద్ద పిట్టను పడగొడుతుంది. ఒక్కో తూటా ధర వింటే మాత్రం మనమే పడిపోతాం. టర్కీ కోళ్లను వేటాడేవాళ్లకు వదిలేయండి.

నంబర్ల లెక్క, నా తప్పు

గుళ్ల నంబరు తిరగేసి ఉంటుంది, పెరిగేకొద్దీ గుండు చిన్నది. అమెరికా లెక్కకు ఓ చిట్కా ఉంది. 17లోంచి నంబరు తీసేయండి, మిగిలింది అంగుళంలో నూరో వంతుల్లో గుండు అడ్డకొలత. 5 నంబరైతే 12, అంటే 0.12 అంగుళం, సుమారు 3 మిల్లీమీటర్లు. మన దగ్గర పాతవాళ్లకు అలవాటైన బ్రిటిష్ లెక్క వేరు. వాళ్ల 6 నంబరు 2.6 మిల్లీమీటర్లు, అమెరికా 6 నంబరు 2.8. తాతగారి డైరీ చూసి అమెరికాలో తూటాలు కొంటే ఒక సైజు తేడా వస్తుంది.

నేను రేంజిలో వాడేది 24 గ్రాముల తూటా, 7½ నంబరు. ట్రాప్, స్కీట్ లాంటి క్లే బిళ్లల పోటీల్లో గుండు 2.6 మిల్లీమీటర్లు మించకూడదని నియమం. పదేళ్ల అలవాటు కదా, ఆ రాత్రి మావాడికి ఆలోచించకుండా అదే చెప్పేశాను. "7½ సీసం తీసుకో. గుళ్లు ఎక్కువుంటాయి, తప్పిపోదు." ఔన్సుకు 350 గుళ్లు. 6 నంబరైతే 225, 5 అయితే 170, 4 అయితే 135. గుళ్లు ఎక్కువుంటే మేలు కదా అన్నది నా తర్కం.

సోమవారం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి వాడి గొంతులో హుషారు లేదు. రెండు పుంజులకు తగిలిందట. రెండింటికీ ఈకలు గుప్పున రేగాయి, రెండూ ఆగలేదు. ఒకటి దూరంగా మొక్కజొన్న మళ్లలో దిగితే కుక్క పట్టుకొచ్చింది, ఇంకా ప్రాణముంది. రెండోదాని కోసం కుక్క అరగంట తిరిగింది, దొరకలేదు. "అది ఎక్కడో పడి ఉంటుంది మావయ్యా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

క్లే బిళ్ల పెంకులాంటిది. రెండు మూడు గుళ్లు అంచుకు తగిలినా ముక్కలవుతుంది, పగిలితే పాయింటు. ఫెజెంట్ పుంజు కిలో దాటిన పిట్ట. పైగా మన నుంచి దూరంగా ఎగురుతున్నప్పుడు కనిపించేది వెనక భాగం. గుండు తోక ఈకలు, వీపు కండ, ఎముక దాటి లోపలికి పోవాలి. సన్న గుండు ఈకల్లోనే అలిసిపోతుంది. గుళ్ల లెక్క ఎంత ముఖ్యమో ఒక్కో గుండుకున్న తోపు అంతే ముఖ్యం. పిట్టల వేటలో సగం పని జరగడమంటే హింసే.

అందుకే ఇప్పుడెవరడిగినా నా మాట ఒకటే. సీసం చెల్లే నేల మీద ఫెజెంట్‌కు 5 నంబరు, గుళ్ల మొత్తం బరువు 1¼ ఔన్సు, తూటా పొడవు 2¾ అంగుళాలు. 6 నంబరును చాలామంది మెచ్చుకుంటారు. కుక్క దగ్గరగా లేపే పిట్టలకు, సీజను మొదట్లో అదీ బాగానే పనిచేస్తుంది. డిసెంబరు వచ్చాక బతికి ఉన్న పుంజులు తెలివిమీరి ఉంటాయి, దూరం నుంచే లేస్తాయి, అప్పుడు 4 కూడా తప్పులేదు. ఏడాది పొడుగునా ఒకే పెట్టె కొనేవాడికి మాత్రం 5. సీసం చెల్లని నేల మీద స్టీలు 3 నంబరు, దూరం ఓపిక పట్టి కొట్టాలి. చేతిలో పాత డబుల్ బ్యారెల్ ఉంటే బిస్మత్ 4.

పవర్ మోజు

మొదట మావాడు చూపించిన పెట్టె 3 అంగుళాల మాగ్నమ్. మన కుర్రాళ్లకు మాగ్నమ్ అన్న మాట వినపడితే చాలు. దానివల్ల పిట్ట రెండుసార్లు చావదు. గుళ్లు కాస్త ఎక్కువ, తన్ను ఇంకా ఎక్కువ. మొదటి నాలుగు తూటాలకు భుజం కమిలితే, అయిదోదానికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి. ఆ తర్వాత పెట్టెలో ఏం ఉన్నా ఒకటే.

ఇత్తడి టోపీ పొడుగ్గా ఉంటే బలమైన తూటా అని ఒక నమ్మకం ఉంది. కాగితపు తూటాల కాలంలో దానికి అర్థముండేది. ఇప్పటి ప్లాస్టిక్ తూటాలకు ఇత్తడి పొడవుతో పనిలేదు, ఎక్కువగా అది అలంకారమే. వేగం కూడా అంతే. సెకనుకు 1300 అడుగులు చాలు. 1500 అని పెద్దక్షరాలతో రాసి ఉన్న పెట్టెకు ఎక్కువ డబ్బు పెట్టేముందు కాగితం మీద కొట్టి చూడాలి. సీసానికే నికెల్ పూత పూసిన తూటాలు కొన్ని ఉంటాయి, ఫియోకీ గోల్డెన్ ఫెజెంట్ అలాంటిది. పూత వల్ల గుండు బ్యారెల్‌లో నలగకుండా గుండ్రంగా బయటికొస్తుంది, నేరుగా పోతుంది. డబ్బు పెట్టాలనిపిస్తే దానికి పెట్టడంలో అర్థముంది.

కాగితం మీద

నిరుడు నేను వెళ్లినప్పుడు వేటకు ముందు రోజు మావాణ్ని రేంజికి లాక్కెళ్లాను. వాడు పెట్టెలు సర్దే గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చాడు. నాలుగడుగుల ముక్క చెక్కకు అతికించి, నడుమ మేకు కొట్టి, దానికి 15 అంగుళాల దారం కట్టి, కొసకు స్కెచ్ పెన్ను ముడేసి ముగ్గు తిప్పినట్టు గుండ్రంగా తిప్పాను. 30 అంగుళాల వలయం. తూటాల పరీక్షకు ఎప్పటినుంచో ఇదే కొలత. 40 గజాలు వెనక్కి నడిచి, నడుమకు గురిచూసి ఒకటి కొట్టమన్నాను. తర్వాత కాగితం ఊడదీసి నేల మీద పరిచి, ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని వలయంలో పడిన చిల్లులు ఒక్కోటీ పెన్నుతో కొట్టేస్తూ లెక్కపెట్టాం.

ఇక్కడే చోక్ సంగతి వస్తుంది. బ్యారెల్ మూతి ఎంత బిగించి ఉందన్నదే చోక్. పుస్తకాల లెక్క ప్రకారం 40 గజాల దగ్గర ఏ బిగింపూ లేని సిలిండర్ అయితే గుళ్లలో 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే 50, మాడిఫైడ్ అయితే 60, ఫుల్ అయితే 70 శాతం ఆ వలయంలో పడాలి. 1¼ ఔన్సు 5 నంబరులో దాదాపు 212 గుళ్లు. మాడిఫైడ్‌లో 127 పడాలి. మాకు మామూలు తూటాకు 131 వచ్చాయి, బాగా సంతోషించాం. తర్వాత అదే బరువు, అదే నంబరు, 1500 వేగం తూటా పెట్టాం. 112. పైగా వలయం కుడిపక్కన అరచెయ్యి పట్టేంత ఖాళీ, ఒక్క చిల్లు లేదు. పుంజు సరిగ్గా ఆ ఖాళీలో ఎగిరి ఉంటే మనం బాగా గురిచూసినట్టే, పిట్ట మాత్రం ఆగదు.

ఆ తుపాకీ తత్వం అది. మీ తుపాకీలో ఇవే తూటాల ఫలితం తారుమారు కావచ్చు. ఒక్క దెబ్బతో తేల్చేయకుండా ఒక్కో రకానికి మూడు నాలుగు కాగితాలు చూడండి. నాలుగు రకాల తూటాలు కొని ఓ మధ్యాహ్నం మోకాళ్ల మీద కూర్చోవడానికి బద్ధకించేవాడు ఎంత ఖరీదైన తూటా కొన్నా వృథా.

కుక్కతో వేటైతే దెబ్బలు చాలావరకు 20 నుంచి 35 గజాల లోపే పడతాయి. దానికి ఇంప్రూవ్డ్ సిలిండర్ హాయి. స్టీలు గుళ్లు నలగవు కాబట్టి గుంపుగా పోతాయి, అందుకే స్టీలు వేస్తే ఒక మెట్టు వదులు చోక్ పెట్టండి.

మిగతా పిట్టలు

బాబ్‌వైట్ అనే పూరేడు జాతి పిట్టకు, పావురం జాతి డవ్‌కు నేను తప్పుగా చెప్పిన 7½ సరిగ్గా సరిపోతుంది, ఒక ఔన్సు చాలు. దగ్గరగా లేచే పూరేడుకైతే 8 కూడా. అడవుల్లో ఉండే రఫ్డ్ గ్రౌస్ అనే కోడి జాతి పిట్టకు 7½. మైదానాల్లోని షార్ప్‌టెయిల్ గ్రౌస్‌కు, కొండల్లోని చుకార్ అనే కౌజు జాతి పిట్టకు 6. ఒకే రోజు రెండు రకాల పిట్టలు తగిలే చోటైతే పెద్ద పిట్టకు తగ్గ తూటా పెట్టుకోండి.

వంటింట్లో

సౌత్ డకోటాలో ఒకరికి రోజుకు మూడు పుంజులే, పెట్టను కొట్టకూడదు. ముగ్గురు వెళ్లి నాలుగు తెచ్చాం. తెచ్చాక మా మేనల్లుడి భార్య అడిగిన ప్రశ్న ఏ తూటా పుస్తకంలోనూ ఉండదు: "బాబాయ్‌గారూ, ఇందులో సీసం ఉండిపోతే పిల్లలకు పెట్టొచ్చా?"

ఉండిపోతుంది. గుండు కనిపిస్తే తీసేయొచ్చు గానీ సీసం ఎముకకు తగిలితే కంటికి కనిపించని పొడిగా రాలుతుంది. గుండు పోయిన దారి వెంట ఈకలు, నెత్తురు గడ్డ ఉంటాయి. ఆ కండ అంగుళం మేర కోసి పారేయాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు సీసంతో కొట్టిన మాంసం పెట్టకపోవడమే మంచిదని నా ఉద్దేశం. ఇల్లంతా తినే మాంసం కోసమైతే సీసం చెల్లే నేల మీద కూడా నేను స్టీలే కొంటాను. స్టీలుతో ఇంకో సుఖముంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ముక్కల మీద తిప్పితే పైపైన ఉన్న గుళ్లు టక్కున అంటుకుంటాయి. లోతుగా దిగినవి రావు, వేలితో తడమాల్సిందే. స్టీలు గుండు పంటి కింద పడితే పన్ను విరుగుతుంది, అది దాని దోషం. ఫెజెంట్ మాంసంలో కొవ్వు ఉండదు, వేపుడు చేస్తే కట్టెలా అవుతుంది. ఆ అమ్మాయి పులుసు పెట్టింది. గుంటూరు కారం మేం పట్టుకెళ్లిందే.

గుర్తుగా ఒక్క తూటా ఇండియాకు తెచ్చుకుంటానని మావాడు అన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తొద్దన్నాను. లైసెన్సు లేనివాడి బ్యాగులో ఒక్క తూటా దొరికినా ఇక్కడ ఆయుధాల చట్టం కింద కేసు. మర్చిపోయానన్నా వినరు, గన్నవరంలో దిగాల్సినవాడు ఢిల్లీలో స్టేషన్ మెట్లెక్కుతాడు. సంక్రాంతికి వాడు బయల్దేరే ముందు రోజు వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, వేటకు వేసుకున్న జాకెట్ జేబులు ఒక్కోటీ తిరగేసి దులిపించాను. పై జేబులు ఖాళీ. లోపలి జేబులోంచి ఒకటి జారి మంచం మీద పడింది. వాడి తుపాకీ 12. పడింది పసుపుది.